ఫాలోవర్ల సంగతి అడిగావు కదా, అమ్మలూ

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ కథల పుస్తకం ప్రెస్సు నుంచి వచ్చిందని, అట్టపెట్టెలు విశాఖ మద్దిలపాలెం ఇంట్లో మంచం కింద సర్దావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది. నిన్న రాత్రి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ కూడా విన్నాను. పేజీ పెట్టినా ఫాలోవర్లు పెరగట్లేదని, టెన్షన్‌గా ఉందని, డబ్బులిస్తే పెంచిపెడతామని ఎవరో అడుగుతున్నారని అన్నావు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని ఉత్తరమే రాస్తున్నాను.

ముందు ఆ డబ్బు సంగతి. ఒక్క రూపాయి కూడా ఇవ్వకు. అలా కొనుక్కున్న ఖాతాల వెనక చాలావరకు మనిషే ఉండడు, ఉన్నా తెలుగు చదవడు. పైగా అది నీకే అడ్డం. ఫేస్‌బుక్కైనా ఇన్‌స్టాగ్రామైనా మనం పెట్టింది మొదట కొంతమందికి చూపిస్తాయి. వాళ్ళు ఆగి చదివితే, ఏదో ఒక మాటంటే, ఇంకొంతమందికి చూపిస్తాయి. చదవనివాళ్ళతో పేజీ నింపుకుంటే చదివేవాళ్ళ దాకా నీ కథ వెళ్ళదు. "మీరు అవార్డుకు ఎంపికయ్యారు, సర్టిఫికెట్ ఖర్చులు పంపండి" అంటూ వచ్చేవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళకీ అదే జవాబు.

నువ్వు రోజూ అంకె చూసుకుంటున్నావు. పేర్లు చూడమంటాను నేను. ఒక నోటుబుక్కు పెట్టుకో. నీ కథ గురించి సొంతంగా రెండు వాక్యాలు రాసిన ప్రతి మనిషి పేరు, ఊరు, ఏ కథ పట్టుకుందో అందులో రాసుకో. ఆ పేర్లు వంద దాటాయంటే రెండో పుస్తకం ఎవరి కోసం వేస్తున్నావో నీకు తెలిసినట్టే. పేజీ కంపెనీవాళ్ళ చేతిలో ఉంటుంది. హ్యాక్ అవచ్చు, ఎవరో రిపోర్టు కొడితే మూతపడచ్చు. నేను ఎరిగున్న మంచి రచయితల ఖాతాలే అలా పోయాయి, ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న పాఠకులు ఎక్కడున్నారో తెలియకుండా అయిపోయింది. నోటుబుక్కు నీ దగ్గరే ఉంటుంది.

ఇప్పుడు అసలు చిక్కు. కథ మొత్తం పేజీలో పెట్టేయాలని నీకు ఆత్రం. కానీ పత్రికకో, పోటీకో కథ పంపితే హామీపత్రం అడుగుతారు. ఈ కథ నా సొంతం, దేనికీ అనువాదం కాదు, అనుకరణ కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు అని సంతకం పెట్టాలి. ఈ "ఎక్కడా" అన్నదాంట్లో సోషల్ మీడియా కూడా ఉందని చాలా పోటీల ప్రకటనల్లో స్పష్టంగానే రాస్తున్నారు. ఫేస్‌బుక్‌లో పెట్టిన కథకు బహుమతి వస్తే, ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ పంపుతారు. బహుమతీ పోతుంది, పేరూ పోతుంది. అందుకని ముందే రెండు కుప్పలు చేసుకో. పత్రికలకు పంపే కథలు వేరు, ఆన్‌లైన్ కోసం రాసేవి వేరు. ఏ కథ ఎక్కడికి ఏ తేదీన పంపావో, ఏమైందో ఆ నోటుబుక్కు చివరి పేజీల్లో రాసి ఉంచు. ప్రతిలిపి లాంటి కథల యాప్‌లలో భాగాలు భాగాలుగా చదివే పాఠకులు ఎక్కువ, "తర్వాతి భాగం ఎప్పుడండీ" అని వెంటపడతారు. ఆ ఆదరణ నీకు కావాలంటే అక్కడి కోసమని ఒక సీరియల్ రాయి. పత్రిక కోసం చెక్కుకున్న చిన్నకథను ముక్కలు చేసి అక్కడ వేయకు.

పుస్తకంలో ఉన్న కథల నుంచి మాత్రం చిన్న ముక్కలు ధైర్యంగా పెట్టు. ఏ ముక్క అన్నది ముఖ్యం. నువ్వు మొన్న ఆర్కే బీచ్ సూర్యోదయం ఫొటో మీద నాలుగు వాక్యాలు వేసి పెట్టావు చూడు, ఆ వాక్యాలు ఎవరైనా రాయగలరు, ఆ ఫొటో ఎవరైనా తీయగలరు. నీ మూడో కథలో పెద జాలారిపేట ఆవిడ ఒడ్డున నెత్తళ్ళు, అవే ఆ చిన్న చేపలు, వాటాలేసి కూర్చుంటుంది కదా. కారు దిగినాయన "కిలో ఎంత" అనడుగుతాడు. ఆవిడ తలెత్తకుండానే "తూకం లేదు బాబూ, వాటాయే" అని, తడి చేత్తో పక్క వాటాలోంచి నాలుగు తీసి ఇందులో వేసి, మళ్ళీ రెండు వెనక్కి తీసుకుంటుంది. ఆ రెండు వెనక్కి తీసుకోవడం దగ్గర నేను నవ్వాను, తర్వాత ఆవిడ ఇంట్లో ఏం జరుగుతోందో తెలుసుకోవాలనిపించింది. అదీ పెట్టవలసిన ముక్క. కథ నీతి చెప్పే పేరా పెట్టకు, ముగింపు అసలే పెట్టకు. మనిషి ఏదో పని చేస్తున్న చోటు పెట్టు. ఫొటో కావాలంటే ఒడ్డుకు వెళ్ళి తీసుకో, కానీ చేపలమ్మే ఆ ఆడవాళ్ళను అడక్కుండా వాళ్ళ ముఖాలు తీయకు. బేరానికి వచ్చినవాళ్ళు వీడియోలు తీస్తుంటే వాళ్ళు ఎంత ఇబ్బంది పడతారో నువ్వే చూశావు.

మన మాట కూడా దిద్దకు. "ఏటమ్మా ఇలగొచ్చేవు" అని నీ పాత్ర అంటే అలాగే ఉండనీ. ఉత్తరాంధ్ర నుంచి బతుకుతెరువుకు హైదరాబాదో, బెంగళూరో, ఇంకా దూరమో పోయినవాళ్ళు ఎంతోమంది. ఫోన్లో ఆ మాట కనబడగానే ఆగిపోతారు. నీ పేజీకి మొదటి గట్టి పాఠకులు వాళ్ళే అవుతారని నా నమ్మకం.

పుస్తకం పేజీలు టైప్ చేసి పెట్టిన డీటీపీ అతన్ని మొత్తం పుస్తకం యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్లోనైనా తెలుగు తెలుగుగానే కనబడే పద్ధతిలో, ఇవ్వమని అడుగు. అను ఫాంట్లలో టైప్ చేసిన ఫైలు తెచ్చి పోస్టులో అతికిస్తే అర్థంకాని గుర్తులు వస్తాయి. యూనికోడ్‌కు మార్చాక ఒత్తులు, సున్నాలు ఒకసారి చూసుకో, అక్కడక్కడా తారుమారవుతాయి. చాలామంది ఈ బాధ పడలేక పేజీని ఫొటో తీసి పెట్టేస్తారు. అలా పెడితే వెతికినా దొరకదు, చూపు లేనివాళ్ళ ఫోను దాన్ని చదివి వినిపించలేదు. అక్షరాలను అక్షరాలుగానే పెట్టు. పేరాలు చిన్నవి చెయ్యి. అంతే.

జవాబుల దగ్గర మాత్రం నీకు ఓపిక కావాలి. "సూపర్" అన్నవాళ్ళకు ఒక నమస్కారం చాలు. కానీ ఎవరో "సింహాచలం వెళ్ళే 28 నంబరు బస్సుని గాజువాక పంపేశారేంటండీ" అని రాశారనుకో, ఆ మనిషిని వదులుకోకు. ఆయన నీ కథలో బస్సెక్కి కూర్చున్నాడు, అందుకే దారి తప్పిందని తెలిసింది. "నిజమేనండీ, రెండో ముద్రణలో సరిచేస్తాను, మీరు రోజూ ఆ బస్సులోనే వెళ్తారా" అని అడుగు. ఆయన జవాబులో నీకు ఇంకో కథ దొరకచ్చు కూడా. కటువుగా విమర్శించినవాళ్ళకు ఆ రోజే జవాబు రాయకు. మర్నాడు చదివి, కథ గురించి అన్నదైతే మాట్లాడు, నీ గురించి అన్నదైతే తీసేయి.

వాట్సాప్ విషయంలో జాగ్రత్త. అడక్కుండా ఎవర్నీ గ్రూపులో చేర్చకు. గ్రూపులో పడితే నీ నంబరు అందరికీ తెలుస్తుంది, వాళ్ళ నంబర్లు ఒకరివొకరికి తెలుస్తాయి. ఒకే మాటను ఎవరికి వాళ్ళకు విడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా పెట్టచ్చు గానీ, నీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే అది చేరుతుంది. ఛానెల్ అయితే చేరినవాళ్ళ నంబర్లు ఒకరికొకరికి కనబడవు, ఇష్టం లేకపోతే నిశ్శబ్దంగా వెళ్ళిపోవచ్చు. నీకు అదే మేలు. పుస్తకం పనులకు వేరే సిమ్ తీసుకో. రాత్రి పదకొండుకు "భోంచేశారా మేడం" అని ఇన్‌బాక్స్‌లోకి వచ్చేవాణ్ణి పాఠకుడనుకుని మొహమాటపడకు, బ్లాక్ చెయ్యి. అమ్మాయిలు ఈ మొహమాటంతోనే రాయడం మానేసుకోవడం చూసి నా గుండె తరుక్కుపోయింది.

యూట్యూబ్‌లో కథ చదువుతామని అడుగుతారు. మంచిదే, వినే పాఠకులు వేరే ఉంటారు. కానీ ఫోన్లో "సరే" అనెయ్యకు. ఏ కథ, ఆడియో ఒక్కటేనా, ఎన్నేళ్ళు, నీ పేరు ఎక్కడ వేస్తారు, డబ్బు ఏమైనా ఉందా, అన్నీ కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం చెయ్యండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు రాసిచ్చిన కాగితంలో కాలం చెప్పకపోతే 5 ఏళ్ళు అని లెక్క, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకే. ముందే మాట్లాడుకుంటే ఆ లెక్కల దాకా పోనక్కర్లేదు.

ఇంకొకటి, అన్నిటికంటే నాకు ఇష్టమైనది. నీ పుస్తకం గురించి ఒకసారి రాస్తే, వేరేవాళ్ళ పుస్తకాల గురించి మూడుసార్లు రాయి. మొహమాటం పొగడ్తలు వద్దు. ఏ పేజీ దగ్గర ఆగావో, ఎందుకు ఆగావో రాయి. అలా రాసేవాళ్ళ మాట మీద పాఠకులకు గురి కుదురుతుంది. తర్వాత నువ్వు నా కథ చదవండి అంటే చదువుతారు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వారానికోసారి వెళ్ళు, కొత్త సంచికలు తిరగెయ్యి, అక్కడ కూర్చునే పెద్దవాళ్ళతో మాట్లాడు. డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, జనవరిలో విజయవాడది ఉంటాయి. ఏదో ఒకదానికి వెళ్ళి, పేజీలో పలకరించినవాళ్ళను ఎదురుగా కలువు. పుస్తకం ఒక కాపీ శ్రీకాకుళం కథానిలయానికి తప్పకుండా పంపు. కథారచయిత కాళీపట్నం రామారావు గారు, మన కారా మాస్టారు, 1997లో పెట్టిన చోటు అది, తెలుగు కథ ఎక్కడ అచ్చయినా దాచిపెట్టాలన్న తపనతో. నీ కథలు అక్కడ ఉండాలి.

వారానికి రెండు పోస్టులు చాలు. పొద్దున్న రాసుకునే వేళ ఫోను వేరే గదిలో పెట్టు, ఎవరెంత మెచ్చుకున్నా ఆ వేళ వాళ్ళకు ఇవ్వకు.

ఆదివారం ఇంటికి రా. వచ్చేటప్పుడు పుస్తకాలు ఒక పాతిక, బ్రౌను కవర్లు, ఆ నోటుబుక్కు పట్టుకురా. ఇప్పటిదాకా నీకు రాసినవాళ్ళలో ఎవరికి ముందు పంపాలో ఇద్దరం కూర్చుని చూద్దాం, సోమవారం పోస్టులో వేసేద్దువుగాని.

ఇట్లు,
మీ పెద్దమ్మ