నల్లజాతి మహిళ రోజా పార్క్స్ బాగా అలసిపోయి ఉండటం వల్లే బస్సులో తెల్లవాళ్లకు సీటు ఇవ్వలేదా?

కాదండీ. 1955 డిసెంబరు 1 సాయంత్రం, అమెరికాలోని మాంట్‌గోమరీలో ఆమె కుట్టుపని ముగించుకుని బస్సెక్కిన మాట నిజమే. అప్పట్లో అక్కడి బస్సుల్లో తెల్లవాళ్లకు చోటు లేకపోతే నల్లవాళ్లు లేచి సీటివ్వాల్సి వచ్చేది. కానీ ఒళ్లు అలసి కాదు, తలవంచి తలవంచి విసిగిపోయి లేవలేదని తర్వాత ఆమే రాసుకున్నారు. అప్పటికే పుష్కర కాలంగా నల్లజాతివారి హక్కుల సంఘంలో పనిచేస్తున్నారు.

నాకు బాధ కలిగించేది, జో ఆన్ రాబిన్సన్‌ని అందరూ మర్చిపోవడం. సీటు ఇవ్వనందుకు రోజాను అరెస్టు చేసిన సంగతి తెలిసిన రాత్రే ఈ కాలేజీ టీచర్ కూర్చుని, తెల్లారేసరికి వేలకొద్దీ కరపత్రాలు సైక్లోస్టైల్ తీశారు, సోమవారం ఎవరూ బస్సులెక్కొద్దని. ఆ ఒక్క రోజు బహిష్కరణ కాస్తా 381 రోజులు సాగింది. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు మైళ్లకు మైళ్లు నడిచారు.

1956లో సుప్రీంకోర్టు బస్సుల్లో ఈ వివక్ష చెల్లదంది. ఆ కేసు వేసిన మహిళల్లో క్లాడెట్ కాల్విన్ ఒకరు. రోజా కంటే తొమ్మిది నెలల ముందే, 15 ఏళ్ల వయసులో, సీటు వదలనని అరెస్టయిన అమ్మాయి.