నీలం మచ్చ చూడగానే బోర్లు దించకు

అబ్బాయ్,

నీకు ఏటిగట్టు మీద డ్యూటీ పడిందనీ, వచ్చే వారం రెసిస్టివిటీ సర్వే ఉందనీ మీ అమ్మ చెప్పింది. ఆ రంగుల బొమ్మ చేతికొస్తే లీకు దొరికినట్టే అన్నావట. అది విన్నప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది, అందుకే రాస్తున్నా.

ఈ సర్వేలో నేలలో వరసగా మేకులు దించి (ఆ వరసనే లైను అంటారు), భూమిలోకి కరెంటు పంపి, మట్టి దానికి ఎంత అడ్డుపడుతుందో కొలుస్తారు. తడిసిన మట్టి తక్కువ అడ్డుపడుతుంది కాబట్టి బొమ్మలో మామూలుగా నీలంగా వస్తుంది. మన డెల్టాలో బంకమట్టి కూడా నీలంగానే వస్తుంది, సముద్రం వైపు పోయేకొద్దీ ఉప్పునీరు ఇంకా ముదురు నీలం. నా సర్వీసులో ఒకచోట నీలం మచ్చ చూసి బోర్లు దించి సిమెంటు గ్రౌటు ఎక్కించాం. ఆ ఏడు వరదకి అదే చేలో మళ్లీ ఊట. తవ్వి చూస్తే మచ్చ ఉన్నచోట ఒట్టి బంకమన్ను, నీళ్లు వస్తున్నది కాస్త అవతల పాత తూము గోడకీ మట్టికీ మధ్య సందులోంచి. వరద తగ్గేదాకా ఊళ్లోవాళ్లు చంటిపిల్లలతో గట్టు మీదే ఉన్నారు, అది నేను మర్చిపోలేను.

కాబట్టి ఒకే లైను రెండుసార్లు వేయించు. వేసవిలో ఏరు అడుగంటినప్పుడు ఒకసారి, నిండుగా పారుతున్నప్పుడు ఒకసారి, మేకులు దించినచోట రాళ్లు పాతి సరిగ్గా అక్కడే. బంకమట్టి రెండుసార్లూ దాదాపు ఒకేలా కనిపిస్తుంది, ఏటితో పాటు మారే చోటే నీకు కావలసింది. పైపొర వానకి కూడా మారుతుంది, దాన్ని పట్టించుకోకు. 10 మీటర్ల లోతు చూడాలంటే లైను 50, 60 మీటర్లకి తగ్గకూడదు. ఎండిన గట్టు మీద మేకుల దగ్గర ఉప్పునీళ్లు పోయించు, లేకపోతే రీడింగులు పిచ్చిగా వస్తాయి. నేల లోపల చూసే రాడార్ తెస్తామంటే వద్దను, మన బంకమట్టిలో అది మీటరో రెండో దిగి ఆగిపోతుంది.

దానితో పాటు సెల్ఫ్ పొటెన్షియల్, అంటే నేలలో దానంతటదే పుట్టే వోల్టేజీని కొలిచే సర్వే, తప్పకుండా చేయించు. ఖర్చు తక్కువ, పైగా నీరు కదులుతోందా లేదా అన్నది చెప్పేది అదే. మట్టి సందుల్లోంచి పారే నీరు కాస్త విద్యుత్తును మోసుకుపోతుంది, అందుకని నీరు దూరేచోట మిల్లీవోల్టులు మైనస్ వైపు, బయటికొచ్చేచోట ప్లస్ వైపు జరుగుతాయి. ఇనప మేకులు పనికిరావు, మైలుతుత్తం నీళ్లు పోసి రాగి కడ్డీ పెట్టిన మట్టి కుండలే వాడాలి, మధ్యమధ్యలో మొదటి పాయింటుకి తిరిగొచ్చి రీడింగు మారిందేమో చూసుకోవాలి. తూము ఇనప షట్టరు, కరెంటు స్తంభాలు లెక్క తప్పిస్తాయి, అవి ఎక్కడున్నాయో నోట్‌బుక్‌లో గీసుకో.

వీటన్నిటికంటే ముందు గట్టు కాపలా చూసే లస్కర్‌ని వెంటబెట్టుకుని గట్టు పాదం వెంబడి నడువు. ఎండాకాలంలో కూడా పచ్చగా ఉండే గడ్డి, ఎలుక బొరియలు, పోయిన వరదకి బుంగ పడిన చోటు అతనికి తెలుసు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు ఎక్కడెక్కడ గండ్లు పడ్డాయో ఊళ్లో పెద్దల్ని అడుగు. పూడ్చిన గండి కింద మట్టి వేరు, లైను దాని మీదుగా పోవాలి.

వరదలో ఊట తేటగా వస్తుంటే కొలుస్తూ కాపలా పెట్టు. బురదగా వస్తే లోపల మట్టి కొట్టుకుపోతోందని, అప్పుడు మెషీన్ కోసం చూడకు. బుంగ మూతి మూసెయ్యకుండా చుట్టూ ఇసుక బస్తాలతో రింగు కట్టి, లోపల నీటిమట్టం పెరగనియ్యి, వెంటనే పైవాళ్లకి ఫోన్ చెయ్యి.

సర్వే అయ్యాక బొమ్మ ఒక్కటే కాదు, అసలు రీడింగులు కూడా అడిగి తీసుకుని ఆదివారం ఇంటికి రా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మావయ్య