ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌లో ముందు ఏ పదాలు నేర్చుకోవాలి?

సివిల్ చదివి, సైట్‌లో పనిచేసి, ఇప్పుడు ప్లానింగ్ ఇంజనీరుగా మారాలనుకుంటున్న తమ్ముడి ప్రశ్న ఇది. పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజర్ల సర్టిఫికెట్ పరీక్ష) పుస్తకం తెరిస్తే ఎక్కడ చూసినా కొత్త పదాలే, ఇంటర్వ్యూకి ఏవి ముఖ్యం అని అడిగాడు.

క్రిటికల్ పాత్, ఫ్లోట్. ఒక్కరోజు ఆలస్యమైనా మొత్తం ప్రాజెక్టునే ఆలస్యం చేసే పనుల వరుస క్రిటికల్ పాత్. ముగింపు తేదీ జరగకుండా ఒక పని ఎన్ని రోజులు ఆగగలదో అది దాని ఫ్లోట్. ముందు ఈ రెండూ ఒంటబట్టించుకో. బేస్‌లైన్ (మొదట ఒప్పుకున్న ప్లాన్), మైల్‌స్టోన్ (పనిలో ముఖ్యమైన మజిలీ), స్కోప్ క్రీప్ (అనుకున్న పని మెల్లమెల్లగా పెరిగిపోవడం) లాంటివి పనిలో పడితే వాటంతట అవే వస్తాయి. ఈ రెండు మాత్రం అలా రావు. ఏళ్ల తరబడి సైట్లు నడిపినవాళ్లు కూడా ఏ పని ఆగితే బిల్డింగ్ ఆగుతుందో, ఏ పని ఆగినా ఫర్వాలేదో చెప్పలేక తడబడటం చూశాను.

విజయవాడ దగ్గర ఒక ఆసుపత్రి బిల్డింగ్‌కి ప్లానింగ్ చూస్తున్న రోజులవి. శ్రావణంలో ప్రారంభానికి ముహూర్తం పెట్టేశారు. సైట్ ఆఫీసు గోడకు రంగురంగుల బార్ చార్ట్ అతికించి ఉండేది. ఒక పనికీ ఇంకో పనికీ మధ్య ఒక్క గీత కూడా లేని చార్ట్ అది. సోమవారం మీటింగ్‌లో మేనేజర్ గారు పెయింటింగ్ మేస్త్రి మీద విరుచుకుపడ్డారు. "రెండు ఫ్లోర్లు వెనకబడ్డావు, రేపటికల్లా ఇంకో పదిమందిని దింపు" అన్నారు. మేస్త్రి చేతులు కట్టుకుని అంతా విని, "దింపుతానండీ. కానీ లిఫ్ట్ ఇంకా రాలేదు కదండీ. వాళ్లొచ్చి తలుపుల ఫ్రేములు బిగించేటప్పుడు లాబీ గోడలు పగలగొడతారు. ప్లాస్టరింగ్ అయ్యాక మళ్లీ నేనే వెయ్యాలి కదండీ" అన్నాడు.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. చార్ట్‌లో లిఫ్ట్‌కి ఉన్నది ఒకే ఒక్క బార్, 'లిఫ్ట్ బిగింపు' అని. ఆ సాయంత్రం ముహూర్తం తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వచ్చాను. తనిఖీకి ముందు బిగింపు, దానికి ముందు సామాను రావడం, దానికి ముందు ఫ్యాక్టరీలో తయారీ, దానికి ముందు అడ్వాన్సు, దానికి ముందు డ్రాయింగ్ మీద సంతకం. ఆ సంతకం కాలేదు. ఆపరేషన్ థియేటర్ వైపు కూడా లిఫ్ట్‌కి తలుపు కావాలా, ఒకవైపు చాలా అన్నది యజమానులైన డాక్టర్లిద్దరూ తేల్చుకోలేదు. పెయింటింగ్‌కి బోలెడంత ఫ్లోట్ ఉంది. ఆ సంతకానికి ఒక్కరోజు కూడా లేదు. అయినా తిట్లు తిన్నది పెయింటర్.

అందుకే గట్టిగా చెబుతున్నాను: మన దగ్గర చాలా ప్రాజెక్టుల్లో క్రిటికల్ పాత్ కూలీల మీదుగా పోదు, సంతకం కాని కాగితాల మీదుగా పోతుంది. నిర్ణయం కూడా ఒక పనే. దానికి షెడ్యూల్‌లో ఒక లైను, ఒక తేదీ, ఒక బాధ్యుడు ఉండాలి. ఇవి లేని షెడ్యూల్‌ని నేను షెడ్యూల్ అనను.

చివరికి ముహూర్తానికి కింది అంతస్తులో ఓపీ మొదలుపెట్టించి, పై వార్డులను లిఫ్ట్ వచ్చాక తెరిచారు. విడతలవారీ అప్పగింత అంటే ఇదే. ముందే అనుకుని ఉంటే చివర్లో అంత టెన్షన్ ఉండేది కాదు.

ఈ పద్ధతి నిన్నమొన్నటిది కాదు. 1950ల చివర్లో అమెరికాలో డ్యుపాంట్ కంపెనీ రసాయన ఫ్యాక్టరీల పనుల కోసం క్రిటికల్ పాత్ పద్ధతిని తయారు చేయించుకుంది. దాదాపు అదే సమయంలో, 1958లో, అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణుల కోసం పెర్ట్ అనే ఇలాంటి ప్లానింగ్ పద్ధతినే తెచ్చింది. అప్పటినుంచి ఉన్న విద్యని మనం ఎక్సెల్‌లో గళ్లకు రంగులేయడం దగ్గర ఆపేశాం. 'తొంభై శాతం అయింది' అనే మాట విన్నా నాకు ఒళ్లు మండుతుంది. దేంట్లో తొంభై? మిగిలిన పదిలోనే లిఫ్ట్, కరెంటు కనెక్షన్, అనుమతులు అన్నీ ఉంటాయి.

క్రాషింగ్ గురించి కూడా ఒక మాట. డబ్బు పోసి, మనుషుల్ని పెంచి పని తొందరగా ముగించడాన్ని అలా అంటారు. కానీ డబ్బుకు లొంగని రోజులు కొన్ని ఉంటాయి. మామూలు సిమెంటు వాడినా, స్పాన్ (ఆధారాల మధ్య దూరం) 4.5 మీటర్లు దాటిన స్లాబు కింద సపోర్టులు కనీసం 14 రోజులు ఉంచాలని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. ఓనర్ ఎంత అరిచినా అది తగ్గదు, తగ్గించకూడదు కూడా.

కోచింగ్ సెంటర్ల మాట నమ్మి ప్రాసెస్‌ల పేర్లు బట్టీ పట్టకు. పీఎంపీకి చదివే గైడు పీఎంబాక్. 2017 నాటి దాని ఆరో ఎడిషన్‌లో 49 ప్రాసెస్‌లు ఉండేవి. 2021లో ఏడో ఎడిషన్ వచ్చేసరికి పుస్తకాన్ని 12 సూత్రాల చుట్టూ తిప్పి రాశారు. ఇన్‌పుట్లు, అవుట్‌పుట్లు రాత్రింబవళ్లు వల్లెవేసిన నా స్నేహితులకు సైట్‌లో అవి ఏ మూలకూ పనికిరాలేదు. సర్టిఫికెట్ వద్దనడం లేదు, జీతం మాట్లాడుకునేటప్పుడు అది ఉపయోగపడుతుంది.

ఇంటర్వ్యూకి వెళ్లేముందు నువ్వు పనిచేసిన సైట్‌నే తీసుకుని, అప్పగింత తేదీ నుంచి వెనక్కి కాగితం మీద గీసుకో. ఎవరి సంతకం దగ్గర ఆగిందో కనిపిస్తుంది, అదే వాళ్లకు చెప్పు. 'మీ షెడ్యూల్‌లో క్లయింట్ ఆమోదాలకు విడిగా లైన్లు ఉంటాయా?' అని నువ్వూ అడుగు. లేవంటే, చేరేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకో.