మోకాలి మెనిస్కస్ చినిగితే కుట్టించాలా, తీయించాలా?

కావలి నుంచి అడిగిన అన్నకు: కబడ్డీలో మీ తమ్ముడి మోకాలు మెలితిరిగిందని, ఎమ్మారైలో లోపలివైపు ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్‌కు బకెట్ హ్యాండిల్ టేర్ (ముక్క బకెట్ పిడిలా పక్కకు లేచిన చినుగు) కనిపించిందని, ఒక డాక్టరు కుట్లంటే ఇంకొకరు ముక్క తీసేద్దామన్నారని రాశారు. నాదీ ఇదే టేర్. నెల్లూరులో కుట్లు వేయించుకున్నాను. వీలుంటే కుట్టించమనే నా మాట.

వీలుందా లేదా అన్నది చినిగిన చోటును బట్టి ఉంటుంది. మెనిస్కస్ బయటి అంచుకు రక్తం బాగా అందుతుంది, లోపలికి పోయేకొద్దీ అందదు. బయటి అంచు దగ్గర చినిగితే కుట్టు అతుక్కునే అవకాశం ఎక్కువ. లోపలి అంచు పీలికలైపోతే ఆ కాస్త తీసేయడమే మేలు. ముక్క తీస్తే త్వరగా నడుస్తాడు, నిజమే. కానీ అది మోసే బరువు ఎముకల మీది మృదులాస్థి మీద పడి, ఏళ్లు గడిచేకొద్దీ కీలు అరుగుతుంది. కుర్రాడికి ముందు బోలెడు జీవితం ఉంది కదా.

కుట్టే పద్ధతి గురించి కూడా అడగండి. ఇన్‌సైడ్ ఔట్‌లో పొడవాటి సూదులతో కీలు లోపలి నుంచి దారం బయటికి తీసి, పక్కన చిన్న కోత పెట్టి ముడి వేస్తారు. పాత పద్ధతే, పెద్ద చినుగుకు గట్టిది. అక్కడ చర్మపు నరం ఉంటుంది కాబట్టి పిక్క లోపలివైపు తిమ్మిరి రావచ్చు, నాకూ కొన్నాళ్లు ఉంది. ఆల్ ఇన్‌సైడ్‌లో ఆ కోత ఉండదు, కొక్కేల్లాంటి చిన్న యాంకర్లు లోపలే దారాన్ని పట్టుకుంటాయి. ఒక్కో పరికరానికీ ఖర్చు పెరుగుతుంది, ముందే బిల్లు అడగండి. ముందు భాగం చినిగితే ఔట్‌సైడ్ ఇన్, అంటే సూది బయటి నుంచి లోపలికి వేస్తారు. నాకు మొదటి రెండూ కలిపి చేశారు.

కెమెరాతో లోపల చూశాకే చివరి నిర్ణయం. అందుకే సంతకం పెట్టే ముందే "అతికేలా ఉంటే కుట్టండి సార్" అని చెప్పుకోండి. ఏసీఎల్ (మోకాలి మధ్యలో ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్) కూడా తెగిందేమో అడగండి.

అసలు కష్టం తర్వాతే. సాధారణంగా 4 నుంచి 6 వారాలు బ్రేస్ (మోకాలికి కట్టే పట్టీ), చంకకర్రలు, 90 డిగ్రీలు దాటి వంచకూడదు. గొంతుక్కూర్చోవడం నెలల తరబడి బంద్. ఇంట్లో నేల మరుగుదొడ్డి అయితే కమోడ్ కుర్చీ ముందే తెచ్చిపెట్టండి, చాప బదులు మంచం వేయండి. తొడ కండ బలానికి ఫిజియోథెరపీ మానొద్దు. కబడ్డీ ఆరు నెలలకు, అదీ సర్జన్ ఒప్పుకుంటేనే. ఇంత చేసినా కొందరికి కుట్టు విడిపోయి మళ్లీ ఆపరేషన్ పడుతుంది, అది తెలిసే ఒప్పుకోండి.

మోకాలు ఇప్పటికీ చాపలేక బిగుసుకుని ఉంటే బలవంతంగా లాగనీయకండి. ఈ వారంలోనే సర్జన్‌కు చూపించండి.