బిల్లు ఎంతుందో అంతే

చిట్టితల్లికి పెద్దనాన్న ఆశీస్సులు.

గ్యాస్ సిలిండర్ తెచ్చిన అబ్బాయి బిల్లు మీద యాభై ఎక్కువ అడిగితే నోరెత్తకుండా ఇచ్చేశావట. తర్వాత రోజంతా నీ మీద నీకే కోపం వచ్చిందట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. తూనికలు, కొలతల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి, ఇది నాకు బాగా తెలిసిన గొడవే.

తనిఖీకి వెళ్లినప్పుడు చూసేవాణ్ణి. కాటాలో తేడా ఉందని కొనేవాళ్లలో చాలామందికి ముందే తెలిసి ఉండేది. "పది రూపాయల కోసం నలుగురిలో ఏం అడుగుతామండీ" అనేవారు. వాళ్ల భయం కొట్టువాడంటే కాదు, వెనకాల నిలబడ్డవాళ్లు పిసినారి అనుకుంటారేమోనని. నీదీ అదేనని నా అనుమానం. ఆ భయం పోయాక మాట్లాడదాంలే అనుకుంటే ఎప్పటికీ మాట్లాడలేవు. గుండె దడదడలాడుతుండగానే అనేయాలి.

అనాల్సిన మాట ముందే అనుకుని ఉంచుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. "బిల్లు ఎంతుందో అంతే ఇస్తానండీ." ఇది చాలు. ఎందుకివ్వవో చెప్పడం మొదలుపెట్టావంటే అది బేరంలోకి దిగుతుంది. మాట అనేసి ఊరుకో. ఆ కాసేపు నీకు ఇబ్బందిగా ఉంటుంది, అతనికీ ఉంటుంది. ముందు అతన్నే మాట్లాడనీ. ఇంకోటి, డబ్బు చేతులు మారకముందే అనాలి. ఇచ్చేసిన యాభై వెనక్కి అడగడం నాకైనా కష్టమే.

రూలు తెలిస్తే గొంతు దానంతటదే నిలకడగా వస్తుంది. ఇంటికి తెచ్చిచ్చే చార్జీ బిల్లులోనే కలిసి ఉంటుంది. సిలిండర్లో గ్యాస్ 14.2 కిలోలు. ఖాళీ సిలిండర్ బరువు దాని మీదే రాసి ఉంటుంది, రెండూ కలిపితే వచ్చే తూకం రావాలి. తూచి చూపించమని అడగొచ్చు. పెట్రోల్ బంకులో అనుమానమొస్తే ఐదు లీటర్ల కొలపాత్రలో పట్టి చూపించమను, మా శాఖ ముద్ర వేసిన పాత్ర అక్కడ ఉండి తీరాలి. బస్టాండులో నీళ్ల బాటిల్‌కి కూలింగ్ చార్జీ అంటారు చూడు, ఎమ్మార్పీ మీద అలాంటిదేమీ లేదు. అసలు నువ్వు ఆ బాటిల్‌తోనే మొదలుపెట్టు. మాట నెగ్గకపోయినా పోయేది ఐదు రూపాయలు. మరీ మొండికేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఆ అబ్బాయి మూడో అంతస్తుకి మోసుకొచ్చాడే అనిపిస్తే, బిల్లు కట్టాక నీ అంతట నువ్వు ఇరవయ్యో ముప్పయ్యో ఇవ్వు. నేనూ ఇస్తాను. వాళ్ల బతుకులూ అంతంతమాత్రమే.

బస్సులో ఎవడైనా మీద చెయ్యి వేస్తే మాత్రం ఈ మర్యాదలేవీ వద్దు. "చెయ్యి తియ్" అని కండక్టరుకి వినపడేలా అరువు. అక్కడ అండీ గిండీ అంటూ కూర్చుంటే వాడికి అలుసు.

రాత్రిపూట ఒంటరిగా ఆటోలో ఉన్నప్పుడు చార్జీ కోసం వాదించకు. అడిగింది ఇచ్చేసి క్షేమంగా ఇల్లు చేరు. బండి నంబరు గుర్తుపెట్టుకుంటే ఫిర్యాదు సంగతి తెల్లారాక చూసుకోవచ్చు.

ఈ ఉత్తరం మీ నాన్నకి చూపించకు. చిల్లర లేదంటే చాలు, వాడు ఈ వయసులోనూ "పర్లేదులే" అని దిగిపోయే రకం.

మీ పెద్దనాన్న