అప్పు తీరింది సరే, రిపోర్టు ఏమంటోంది?

చిరంజీవి కిరణ్‌కు,

మామయ్య ఆశీస్సులు. "అప్పులన్నీ కట్టేశాను మామయ్యా, అయినా సిబిల్ 610 దగ్గరే కూర్చుంది" అని మొన్న నువ్వు ఫోన్లో అంటే నవ్వొచ్చింది. సిబిల్ అంటే మనం అప్పులు ఎంత సరిగ్గా కడతామో బ్యాంకులకు చెప్పే స్కోరే కదా. నిన్ను చూసి కాదురా. 2019లో మీ అత్తయ్యతో నేనూ అచ్చం ఇదే మాట అన్నాను.

ఈ సంగతి నీకు తెలీదు. 2014లో నా క్రెడిట్ కార్డు బాకీ 82 వేలకు చేరింది. రికవరీ ఏజెంటు ఫోన్ చేసి "అంకుల్, 45 కట్టేయండి, ఫైలు క్లోజ్" అన్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో అత్తయ్య గాజులు తాకట్టు పెట్టి కట్టేశాను. (తర్వాత విడిపించాంలే.) ఐదేళ్లకు ఫ్లాటు లోన్‌కి వెళ్తే మేనేజరు స్క్రీన్ నా వైపు తిప్పాడు. ఆ కార్డు పక్కన 'క్లోజ్డ్' అని లేదు, 'సెటిల్డ్' అని ఉంది. ఎంతో కొంత ఇచ్చి వదిలించుకున్నాడని దానర్థం. మిగిలిన 37 వేలు నేనే వెళ్లి కట్టి, బాకీ ఏమీ లేదని బ్యాంకు రాసిచ్చే నో డ్యూస్ లెటర్ తీసుకుని, దాన్ని 'క్లోజ్డ్'గా మార్పించుకునేసరికి తాతలు దిగొచ్చారు.

అందుకే ముందు నీ రిపోర్టు తీయి. మన అప్పుల చిట్టా రాసిపెట్టే కంపెనీల్లో సిబిల్ ఒక్కటే కాదు, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ కూడా ఉన్నాయి. నలుగురూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు రూలు. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు, భయపడకు. పైనున్న నంబరు చూసి మూసేయొద్దు. ఒక్కో అకౌంటు తెరిచి, బాకీ సున్నా అని ఉందా, స్టేటస్ ఏముంది, నెలనెలా గడుల్లో ఎన్ని రోజులు లేటని రాశారు, అన్నీ చూడు. ఫోన్ కొనడానికి ఏదో యాప్‌లో 12 వేలు తీసుకున్నావు చూడు, అలాంటి చిన్నవే చాలాసార్లు మూయకుండా మిగిలిపోతాయి.

తప్పు కనబడితే అక్కడే ఆన్‌లైన్లో డిస్ప్యూట్, అంటే ఇది తప్పని ఫిర్యాదు, పెట్టి, బ్యాంకుకీ మెయిల్ చేయి. 30 రోజుల్లో తేల్చాలి. దాటితే రోజుకు వంద రూపాయల చొప్పున నీకు పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి రూలు ఉంది. అప్పటికీ కదలకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినడానికి రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు. అయితే నిజంగా లేటుగా కట్టినవి మాత్రం ఎవరూ చెరపలేరు. '30 రోజుల్లో సిబిల్ 750' అని పోస్టర్ కనబడిందని అమీర్‌పేట పరిగెత్తావంటే జేబు ఖాళీ అవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ఇక కొత్తగా మంచి పేరు తెచ్చుకోవడం. ఓ పాతిక వేలు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి, దాని మీద కార్డు తీసుకో. 610కి కూడా ఇస్తారు. లిమిట్ 20 వేలైతే నెలకు ఐదారు వేలు దాటనివ్వకు. కరెంటు బిల్లు, పెట్రోలు, అంతే. బిల్లు మొత్తానికీ ఆటో డెబిట్ పెట్టు. బిల్లులో కొంచెమే కట్టి మిగతాది వడ్డీకి వదిలేసే 'మినిమం డ్యూ' అనే గడి జోలికి పోకు, నా 82 వేలు పుట్టింది అక్కడే.

మీ అపార్ట్‌మెంట్ చీటీ ఎంత క్రమంగా కట్టినా సిబిల్‌కి తెలియదు. వీధి చివర తాకట్టు కొట్టులో పెట్టి విడిపించినా అంతే. బ్యాంకులో గోల్డ్ లోన్ తీసుకుని టైముకి కడితే మాత్రం అది ఎక్కుతుంది. అలాగని నీ స్కోరు కోసం అమ్మ నగలు అడగకు.

లోన్ కోసం నాలుగు బ్యాంకుల్లో ఒకేసారి అప్లై చేయొద్దు, అడిగిన ప్రతిసారీ రిపోర్టులో ఎక్కుతుంది. మీ బావ బండి లోన్‌కి షూరిటీ సంతకం అడిగితే మొహమాటపడి పెట్టేయకు. వాడు ఎగ్గొడితే నీ రిపోర్టు కూడా పాడవుతుంది.

నాకు ఏడాదిన్నర పట్టింది. 2025 నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి వివరాలు పంపుతున్నాయి కాబట్టి, సరిచేసినవి నీకు త్వరగానే కనబడొచ్చు. స్కోరు కదలడానికి మాత్రం కొన్ని నెలలు పడుతుంది, రోజూ చూసుకుని టెన్షన్ పడకు.

ఆదివారం మలక్‌పేట రా. నో డ్యూస్ లెటర్లన్నీ తీసుకురా, ఒక్కో అకౌంటుతో సరిచూద్దాం. రెండో కార్డుది ఇంకా ఇవ్వలేదన్నావు కదా, శనివారంలోపు బ్రాంచికి వెళ్లి అడుగు. ఫోన్‌లో చెప్పారంటే కుదరదు, లెటర్‌హెడ్ మీద ఉండాలి.

మీ మామయ్య