సముద్రం ఉప్పు లెక్కలో పాలపుంత గొడవ

ప్రశ్న: సార్, శాటిలైట్‌తో సముద్రం ఉప్పదనం కొలిచేటప్పుడు పాలపుంత రేడియేషన్‌ని లెక్కలోంచి తీసేస్తారట. యాంటెన్నా చూసేది కిందకి కదా, పైనున్న పాలపుంతతో దానికేం పని?
– ఎమ్మెస్సీ స్టూడెంట్, విశాఖపట్నం

జవాబు: కిందకే చూస్తుందమ్మా, కానీ కింద ఉన్నది నీళ్ళు. ఉప్పు కొలిచే శాటిలైట్లు వినే 1.4 గిగాహెర్ట్జ్ రేడియో ఫ్రీక్వెన్సీ దగ్గర సముద్రం తన మీద పడిన రేడియేషన్‌లో సగానికి పైగా మళ్ళీ పైకి కొట్టేస్తుంది, అంటే యాంటెన్నాకి సముద్రం సొంత సిగ్నల్‌తో పాటు ఆకాశం రిఫ్లెక్షన్ కూడా కలిసే వస్తుంది. ఈ సిగ్నల్ బలాన్ని కెల్విన్ అనే ఉష్ణోగ్రత లెక్కలో చెబుతారు, మామూలు ఆకాశం 2.7 కెల్విన్, అది అన్ని వైపులా ఒకటే కాబట్టి దాంతో బాధ లేదు. పాలపుంత మధ్య పట్టీ ఎదురుగా పడితేనే తంటా, కొన్ని కెల్విన్లు అదనంగా వచ్చి పడతాయి. వెచ్చటి నీళ్ళలో ఒక యూనిట్ ఉప్పు (అంటే కిలో నీళ్ళలో సుమారు ఒక గ్రాము) మారితే సిగ్నల్ మారేది సుమారు అర కెల్విన్, మనకి కావాల్సిన కచ్చితత్వమేమో నెలవారీ సగటులో 0.2 యూనిట్. ఇక మీరే లెక్కేసుకోండి.

ఇంకో తమాషా ఏంటంటే ఈ బ్యాండ్‌ని ఎవరూ ట్రాన్స్‌మిట్ చేయకుండా కాపాడటం మొదలుపెట్టింది రేడియో ఆస్ట్రానమీ వాళ్ళ కోసం, హైడ్రోజన్ 21 సెంటీమీటర్ల సిగ్నల్ అక్కడే ఉంది కాబట్టి. వాళ్ళు వెతుక్కునే సిగ్నలే మనకి చెత్త.

ప్రశ్న: ఆకాశం మ్యాప్ ఉంటుంది కదండీ, అందులోంచి చూసి తీసేస్తే అయిపోదా?
– ఫిజిక్స్ లెక్చరర్, హన్మకొండ

జవాబు: మ్యాప్ ఉందండీ, ఉత్తరాకాశానికి జర్మనీలో స్టాకర్ట్ టెలిస్కోప్‌తో, దక్షిణానికి అర్జెంటీనాలో తీసినవి, వాటిలో హైడ్రోజన్ లైన్ (21 సెంటీమీటర్ల సిగ్నల్) లేకపోతే అది వేరేగా కలుపుకోవాలి. ఇదంతా చేశాక కూడా తేడా మిగిలిపోతుంది, ఎందుకంటే సముద్రం అద్దం కాదు. చెరువులో చందమామ గుండ్రంగా కనిపిస్తుంది, గాలికి కదిలే సముద్రంలో అదే పొడుగ్గా చెదిరిపోతుంది చూడండి, పాలపుంత రిఫ్లెక్షన్ కూడా అంతే. కాబట్టి గాలి వేగం తెలియాలి, అలల వాలు ఎంతో తెలియాలి, ఆ చెదురుడుకి మోడల్ కావాలి, ఆ మోడల్సేమో నిజంగా జరిగే చెదురుడుని తక్కువగా అంచనా వేశాయి.

నాకు బాగా నచ్చిన ఉపాయం నాసా వాళ్ళ స్మాప్ శాటిలైట్‌ది. 2015 జనవరిలో ఎగిరిన ఈ శాటిలైట్ అసలు నేల తేమ కోసం పంపింది, దాని 6 మీటర్ల యాంటెన్నా నిమిషానికి 14 సార్లకి పైగా తిరుగుతుంది. ఒకే చోటుని ముందుకి చూస్తూ ఒకసారి, రెండు మూడు నిమిషాల్లోపే వెనక్కి చూస్తూ ఇంకోసారి కొలుస్తుంది. ఆ కాస్త టైమ్‌లో ఉప్పు మారదు, గాలీ పెద్దగా మారదు, కానీ రిఫ్లెక్ట్ అయ్యే ఆకాశం ముక్క మాత్రం వేరు. ఒక చూపులో పాలపుంత ఉంటే రెండో దాంట్లో చాలాసార్లు ఉండదు, కాబట్టి రెండిటి తేడాలోంచే కరెక్షన్ ఎంతో పట్టేశారు. థియరీ మీద కూర్చుని కొట్టుకునే కన్నా ఇది వందరెట్లు నయం.

ప్రశ్న: ప్రాజెక్ట్‌కి బంగాళాఖాతం సాలినిటీ డేటా తీసుకున్నాం. ఈ తప్పు ఇంకా మిగిలి ఉందో లేదో ఎలా పట్టుకోవాలి?
– బీటెక్ స్టూడెంట్, కాకినాడ

జవాబు: ముందు ఒకటి గుర్తుపెట్టుకో బాబూ, ఈ తప్పు సీజన్ వేషం వేసుకుని వస్తుంది. ఈ శాటిలైట్లు రోజూ ఒకే లోకల్ టైమ్‌కి, పొద్దున 6, సాయంత్రం 6 ఆ ప్రాంతంలో దాటతాయి, కాబట్టి ఒక చోట రిఫ్లెక్ట్ అయ్యే ఆకాశం ముక్క రోజురోజుకీ కాస్త జరుగుతూ ఏడాదికి మళ్ళీ మొదటికి వస్తుంది. వర్షాకాలం తర్వాత గోదావరి, గంగ నీళ్ళతో ఉప్పు తగ్గడం కూడా ఏడాదికోసారే కదా, రెండూ కలిస్తే విడదీయడం కష్టం. అందుకే శాటిలైట్ దక్షిణం నుంచి ఉత్తరానికి పైకి వెళ్ళే పాస్‌లు, ఉత్తరం నుంచి దక్షిణానికి కిందకి వచ్చే పాస్‌లు వేరువేరుగా ప్లాట్ చెయ్యి, రెండిటికీ ఎదురయ్యే ఆకాశం వేరు కాబట్టి వాటి తేడా ఒక పట్టీలాగా నెలనెలా జరుగుతుంటే పాలపుంతనే అనుమానించు.

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ళ దగ్గర ఆర్గో ఫ్లోట్ల (సముద్రంలో మునుగుతూ తేలుతూ ఉప్పు కొలిచే పరికరాల) డేటా దొరుకుతుంది, దాంతో కూడా పోల్చు, కానీ శాటిలైట్ చూసేది పైన సెంటీమీటర్ మందం నీళ్ళు, ఫ్లోట్ చాలాసార్లు కొన్ని మీటర్ల కింద కొలుస్తుంది, వాన పడిన వెంటనే తేడా వస్తే కంగారుపడకు. తీరానికి దగ్గర పిక్సెల్స్ మాత్రం తీసేయ్, అక్కడ పాలపుంత కన్నా నేల సిగ్నల్ పెద్ద తలనొప్పి.